క్వాంటం శాస్త్రంలో ‘చూడటం’ అంటే కంటితో చూడటం కాదు

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో క్వాంటం భౌతికశాస్త్రం మీద ఇటీవల వచ్చిన వ్యాసాన్ని మా ఊరి గ్రంథాలయంలో నలుగురం కలిసి చదివాం. ఇలాంటి విషయాలు తెలుగులో రావడమే అరుదు కాబట్టి ముందుగా అందుకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసం నడుమ ‘మనిషి చూసేదాకా కణానికి ఉనికే లేదు’ అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో అచ్చయింది. ఆ మరుసటి వారమే, మా పక్క మండలంలోని ఒక కల్యాణ మండపంలో ఇంటర్ విద్యార్థుల కోసం జరిగిన సదస్సులో ఒక వక్త అదే మాటను ఇంకా ముందుకు తీసుకుపోయి, మీరు దేన్ని ఎలా చూస్తే అది అలా మారుతుందని క్వాంటం శాస్త్రం రుజువు చేసిందని పిల్లలకు చెప్పారు. ముప్పై ఏళ్లకు పైగా కోనసీమ పిల్లలకు భౌతికశాస్త్రం పాఠం చెప్పిన నాకు ఇది విని ఊరుకోవడం తప్పనిపించింది.

ఆ వక్త వేదిక మీద ఒక కొబ్బరికాయను పైకెత్తి, ఇది మంచిదా కుళ్లినదా అని అడిగారట. కొట్టేదాకా ఈ కాయ మంచిదీ కుళ్లినదీ కూడా అని, పగిలిన క్షణంలో మన సంకల్పమే ఏదో ఒకదాన్ని ఖాయం చేస్తుందని అన్నారట. ‘నరుడి కంటికి నల్లరాయి పగులుతుంది’ అని మన పెద్దలు ఊరికే అనలేదని కూడా కలిపారట. మా వీధిలో ఉండే ఒక కుర్రవాడు ఆ సభ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. వాళ్ల నాన్నగారిది అంబాజీపేటలో కురిడీ, అంటే కాయలోనే ఎండిన కొబ్బరి, వ్యాపారం. ‘మాస్టారూ, మా నాన్నగారు కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల కురిడీ కట్టిందో లేదో కొట్టకుండానే చెప్పేస్తారు. ఆయన విన్నారు కాబట్టి అది కురిడీ అయిందా, ముందే అయి ఉందా?’ అని అడిగాడు. నా సర్వీసులో ఇంత సూటి ప్రశ్నను నేను చాలా తక్కువసార్లు విన్నాను.

కాయ ముందే కురిడీ అయి ఉంది. నెలల తరబడి అటక మీద ఉన్న కాయలో నీరు ఇంకిపోయి, లోపలి కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడివడుతుంది. ఊపినప్పుడు అది చిప్పకు తగిలి చప్పుడవుతుంది. మీ జిల్లా పేజీలో కొబ్బరి ధరల కింద గండేరా, గటగట అని రోజూ వేసే సరుకు ఇదే. కాయ ఎప్పుడు కురిడీ అయిందో మనకు తెలియకపోవచ్చు గానీ, మనకు తెలియకపోవడం వల్ల కాయ రెండు రకాలుగా ఉండిపోదు. దీన్ని అజ్ఞానం అంటారు, అంటే విషయం ఉంది, మనకు అందలేదు. క్వాంటం శాస్త్రంలో అధ్యారోపణం (సూపర్‌పొజిషన్), అంటే రెండు అవకాశాలూ ఒకేసారి కలిసి ఉన్న స్థితి, అనేది ఇది కాదు. ఆ రెండింటికీ ఉన్న తేడాను ప్రయోగంలో పట్టి చూపవచ్చు, అందుకే దాన్ని శాస్త్రం అంటున్నాం.

ఆ తేడాను ఆ కుర్రవాడికి మా చెరువు రేవులో చూపించాను. తెల్లవారుజామున గాలి లేనప్పుడు, వాడూ వాడి తమ్ముడూ రెండు బారల ఎడంలో మెట్ల మీద కూర్చుని, వెదురు కర్రలతో నీటిని ఒకే లయలో తడుతూ ఉన్నారు. రెండు వైపుల నుంచీ వచ్చిన అలలు కలుసుకున్న చోట కొన్ని దారుల్లో నీరు ఎత్తుగా లేచి పడుతోంది, వాటి మధ్య దారుల్లో దాదాపు నిశ్చలంగా ఉంది. ఒక వేపాకు అటువంటి నిశ్చలమైన చోటికి చేరి, చుట్టూ నీరు ఊగుతున్నా తాను కదలకుండా ఉండిపోయింది. తమ్ముడు కర్ర ఆపగానే ఆ ఆకు కూడా ఊగడం మొదలుపెట్టింది. రెండు దారుల అలలు కలిస్తేనే ఆ నిశ్చలమైన చోటు పుడుతుంది. దీనినే వ్యతికరణం అంటాం.

1989లో జపాన్‌లోని హిటాచీ ప్రయోగశాలలో అకిరా టొనొమురా బృందం ఎలక్ట్రాన్లను రెండు దారులున్న ఏర్పాటు గుండా, ఒకసారికి ఒకటి చొప్పున పంపింది. ప్రతి ఎలక్ట్రానూ తెర మీద ఒకే ఒక చుక్కగా పడింది. మొదట్లో చుక్కలు ఎక్కడంటే అక్కడ చల్లినట్టు కనిపించాయి. వేల చుక్కలు పడేసరికి అవి వెలుగు చీకటి పట్టీలుగా తేలాయి, అంటే ఎలక్ట్రాన్లు రాని చోట్లు ఏర్పడ్డాయి. ప్రతి ఎలక్ట్రానూ ఏదో ఒక దారిలోనే వచ్చి, ఏ దారో మనకు తెలియకపోవడం మాత్రమే జరిగి ఉంటే, రెండు దారుల చుక్కలూ ఒకదాని మీద ఒకటి పోగుపడాలే గానీ అలా ఖాళీ పట్టీలు ఏర్పడకూడదు. ఒక్క ఎలక్ట్రాన్ విషయంలో కూడా రెండు దారులూ లెక్కలోకి వస్తున్నాయనడానికి ఆ ఖాళీలే సాక్ష్యం. కొబ్బరికాయలో ఇలాంటి సాక్ష్యాన్ని ఎవరూ చూపలేదు, కాబట్టి కాయను పెట్టి ఎలక్ట్రాన్‌ను వివరించడం మొదటి అడుగులోనే దారి తప్పడం.

ఇక అసలు అపోహ దగ్గరకు వస్తాను. ఎలక్ట్రాన్ ఏ దారిలో వెళ్లిందో ‘చూస్తే’ పట్టీలు మాయమవుతాయని పుస్తకాలన్నీ రాస్తాయి, అది నిజమే. అయితే చూసేది ఎవరు అన్న దగ్గరే చదివేవారి మనసు పక్కదారి పడుతోంది. వియన్నా విశ్వవిద్యాలయంలో 2004లో జరిగిన ఒక ప్రయోగం ఈ సందేహాన్ని బాగా తీరుస్తుంది. అక్కడ డెబ్భై కార్బన్ పరమాణువులతో బంతిలా ఉండే అణువులను శూన్యంలో ప్రయాణింపజేసి, వాటి వ్యతికరణ పట్టీలను చూశారు. తర్వాత అదే ఏర్పాటులో అణువులను లేజర్‌తో దారిలో వేడి చేశారు. కాలిన ఇనుము ఎర్రగా వెలిగినట్టే, బాగా వేడెక్కిన అణువు తనంతట తాను కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతి ఎక్కడి నుంచి బయలుదేరిందన్న ఆనవాలు దానితోపాటే పోతుంది. వేడి పెంచుతున్న కొద్దీ పట్టీలు మసకబారి చివరకు చెరిగిపోయాయి. ఆ కాంతిని ఎవరూ పట్టలేదు, ఎవరూ చదవలేదు. అది ఆ శూన్యపు పాత్ర గోడకు తగిలి ఇంకిపోయింది. దారి గుర్తు అణువును వదిలి బయటి ప్రపంచంలోకి వెళ్లిపోవడమే చాలింది. చుట్టూ ఉన్న గాలి, కాంతి, వేడి ఈ విధంగా గుర్తులను ఎత్తుకుపోవడాన్ని డీకొహెరెన్స్ అంటారు. కొబ్బరికాయకు ప్రతి క్షణం లెక్కలేనన్ని గాలి అణువులు తగులుతూ పోతుంటాయి కాబట్టి, చీకటి అటక మీద మనిషి కంటికి దూరంగా ఉన్నప్పుడు కూడా అది ఏదో ఒక స్థితిలోనే ఉంటుంది.

మన ప్రాంతంవాళ్లకు దీన్ని చెప్పడానికి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి నీటిమట్టం నాకు తోస్తుంది. వరద రోజుల్లో అక్కడ 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. అర్ధరాత్రి రెండింటికి పరికరం నమోదు చేసిన అంకెను ఉదయం ఆరింటికి ఇంజినీరు గారు చదివితే, ఆయన చదవడం వల్ల రాత్రి నీరు పెరగదు. లంక గ్రామాల్లో ఇళ్లలోకి నీళ్లు ఎప్పుడో వచ్చి ఉంటాయి. క్వాంటం ప్రయోగశాలలోనూ ఇంతే. డిటెక్టర్ రాత్రి నమోదు చేసినదాన్ని విద్యార్థి మరునాడు కంప్యూటర్‌లో తెరిచి చూస్తాడు. పట్టీలు ఉండటమో పోవడమో రాత్రే జరిగిపోయింది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 2015లో 1.3 కిలోమీటర్ల ఎడంలో రెండు ఎలక్ట్రాన్ల మీద చేసిన పేరుపొందిన పరీక్షలో కొలత తీరును ఎంచింది యంత్రాలు, ఫలితాన్ని రాసుకున్నది యంత్రాలు. మనుషులు తర్వాత కూర్చుని లెక్కలు కట్టారు.

దీనికి సరిగ్గా ఎదురైన పొరపాటు ఒకటి ఉంది. నేనూ తొలి ఏళ్లలో తరగతిలో అదే చెప్పేవాణ్ణి కాబట్టి దీని మీద కొంచెం నిలబడాలి. సైకిల్ ట్యూబులో గాలి ఎంతుందో కొలవబోతే కొంత గాలి తుస్సుమంటుంది, చిన్న గ్లాసులోని వేడి పాలలో చల్లటి థర్మామీటర్ పెడితే పాలు కొంత చల్లారతాయి, అలాగే ఎలక్ట్రాన్‌ను చూడటానికి వేసిన కాంతి దాన్ని తోసేస్తుంది, ఇంతకు మించి రహస్యం లేదని చెప్పి ముందుకు పోయేవాణ్ణి. మనసు ప్రమేయం అనే మాట కంటే ఇది మేలైన వివరణే గానీ పూర్తిగా నిజం కాదు. 1998లో జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో గెర్హార్డ్ రెంపె బృందం చల్లబరిచిన రుబీడియం పరమాణువులను రెండు దారుల్లో నడిపి, ఏ దారిలో ఉన్నదీ పరమాణువు లోపలి స్థితిలోనే గుర్తుగా పడేలా మైక్రోవేవ్‌లతో ఏర్పాటు చేసింది. మైక్రోవేవ్‌లు ఇచ్చే తోపుడు పట్టీలను చెరపడానికి కావలసినదానితో పోలిస్తే అత్యల్పం. అయినా పట్టీలు పోయాయి. గుర్తు వేయకుండా అదే ప్రయోగం చేస్తే ఉన్నాయి. కాబట్టి దెబ్బ తగలడం ముఖ్యం కాదు, దారికీ గుర్తుకూ ముడి పడటం ముఖ్యం. ఆ గుర్తును ఎవరూ చదవనక్కర్లేదు, చదవడానికి వీలుగా ఉండటమే చాలు.

అనిశ్చితత్వ సూత్రాన్ని కూడా ఇదే పొరపాటుతో పరికరాల లోపంగా రాస్తున్నారు. ఈ సూత్రాన్ని ప్రతిపాదించిన హైసెన్‌బర్గ్ 1927లో ఊహించిన గామా కిరణాల సూక్ష్మదర్శిని ఉదాహరణ దీనికి కొంత కారణం, అందులో ఎలక్ట్రాన్‌ను చూడటానికి వేసిన కిరణమే దాన్ని తోసేస్తుంది. కానీ అదే ఏడాది కెన్నార్డ్ రుజువు చేసిన రూపంలో ఆ సూత్రం చెప్పేది వేరు. స్థానమూ ద్రవ్యవేగమూ (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) రెండూ ఇరుకైన హద్దుల్లో నిలిచిన స్థితి అంటూ ఎలక్ట్రాన్‌కు ఉండదు, మనం కొలిచినా కొలవకపోయినా. కొలత వల్ల కలిగే కలతను విడిగా కొలిచిన 2012 నాటి టొరంటో ప్రయోగంలో, హైసెన్‌బర్గ్ మొదట అనుకున్నదాని కంటే తక్కువ కలతతోనే కొలవవచ్చని తేలింది, సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. లెక్క వేస్తే దీని పరిమాణం బోధపడుతుంది. మీటరులో వెయ్యి కోట్లవ వంతుకు, అంటే దాదాపు ఒక పరమాణువంత చోటుకు ఎలక్ట్రాన్‌ను పరిమితం చేస్తే దాని వేగంలో సెకనుకు కనీసం 580 కిలోమీటర్ల మేర విస్తృతి ఉంటుంది. కిలో బరువున్న కొబ్బరికాయ స్థానాన్ని మిల్లీమీటరులో వెయ్యో వంతుకు ఖాయం చేశామనుకుంటే, ఆ సూత్రం వల్ల తప్పనిసరయ్యే వేగంతో అది విశ్వం పుట్టిన 1380 కోట్ల ఏళ్ల నుంచీ జరుగుతూ వచ్చినా ఒక పరమాణువు వెడల్పంత దూరం కూడా పోదు. జీవితంలో ఏదీ నిశ్చయం కాదని చెప్పడానికి ఈ సూత్రాన్ని వాడుకోవలసిన పని లేదు.

మీ వ్యాసంతోపాటు వేసిన పిల్లి బొమ్మ కింద, పెట్టె తెరిచేదాకా పిల్లి చచ్చీ బతికీ ఉంటుందని ష్రోడింగర్ కనుగొన్నట్టు రాశారు. ఆయన 1935లో ఆ ఉదాహరణ రాసింది దాన్ని నమ్మమని కాదు. పరమాణువు స్థాయి సమీకరణాన్ని ఎక్కడా ఆపకుండా పిల్లి దాకా లాగితే ఎంత అసంబద్ధమైన చోటికి చేరతామో చూపి, సిద్ధాంతంలో ఇంకా తేలని విషయం ఉందని చెప్పడానికి. ఆయన ఊహించిన పెట్టెలో రేడియోధార్మిక పదార్థంలోని పరమాణువు విచ్ఛిన్నమైతే విషం విడుదలై పిల్లి చనిపోతుంది, ఆ విచ్ఛిన్నాన్ని పసిగట్టే గైగర్ కౌంటర్ అనే పరికరం కూడా అందులోనే ఉంది. నమోదు అక్కడే జరిగిపోతుంది, మూత తీసేవారి కంటి దాకా అది ఆగి ఉండదు.

మనసుకు పాత్ర ఉందన్న మాట శాస్త్రవేత్తలెవరూ అనలేదని నేను చెప్పడం లేదు. నోబెల్ పొందిన యూజీన్ విగ్నర్ 1961లో ఒక వ్యాసంలో చైతన్యమే కొలతను పూర్తి చేస్తుందేమోనని గంభీరంగా వాదించారు. డీకొహెరెన్స్ ఆలోచనను 1970లో మొదలుపెట్టిన జెహ్ పరిశోధన చూశాక, తర్వాతి కాలంలో ఆ అభిప్రాయాన్ని తానే విడిచిపెట్టారు. సదస్సుల్లో మొదటి సగమే వినిపిస్తోంది. అలాగే కేరళలో పుట్టిన సుదర్శన్, బైద్యనాథ్ మిశ్రాతో కలిసి 1977లో, మాటిమాటికీ కొలుస్తూ ఉంటే క్వాంటం స్థితి మారకుండా నిలిచిపోతుందని చూపారు. 1990లో అమెరికాలో బెరీలియం అయాన్ల మీద దాన్ని పరీక్షించారు. అక్కడ ‘కొలవడం’ అంటే అయాన్ల మీద లేజర్ కాంతిని విడతలు విడతలుగా ప్రసరింపజేయడం. పరీక్షల మార్కుల గురించి పిల్లలు ఏకాగ్రతతో కూర్చోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఏకాగ్రత మంచిదే, దాని మంచి దానికి ఉంది.

ఆధ్యాత్మికత మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఇంకొక మాట. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసం తీసుకుని తపస్సు చేసినవారు, ఆ పైన యూరప్ వెళ్లి భౌతికశాస్త్రం చదివి, లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిర్మించినవారు. ఆయనంత యోగి మన డెల్టా నుంచి ప్రయోగశాలకు వెళ్లినా, బీటా కిరణాల శక్తిని అయస్కాంత క్షేత్రంతో, స్పెక్ట్రోమీటర్‌తోనే కొలిచారు. ఆ సదస్సుకు వెళ్లిన పిల్లల్లో ఎందరికి ఆయన పేరు తెలుసునో అని ఆలోచిస్తే బాధ కలుగుతోంది.

అమరావతిలో క్వాంటం కంప్యూటర్ పెడతామన్న ప్రకటన వచ్చినప్పటి నుంచి మా దగ్గర తల్లిదండ్రులు కూడా ఈ విషయం అడుగుతున్నారు. అటువంటి యంత్రాల్లో, సమాచారాన్ని అధ్యారోపణంలో ఉంచుకునే సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లను పరమశూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు స్థాయి దగ్గర, లోహపు కవచాల లోపల ఉంచుతారు. మనిషి చూపే అధ్యారోపణాన్ని చెడగొట్టేదైతే గదికి తాళం వేస్తే సరిపోయేది, ఇంత చలి అక్కర్లేదు. అక్కడ కాపాడుకోవలసింది వేడి నుంచి, ఎక్కడినుంచో వచ్చి తగిలే ఒక్క మైక్రోవేవ్ ఫోటాన్ నుంచి. ఆ రంగంలో ఉద్యోగానికి వెళ్లబోయే పిల్లవాడు సంకల్పబలం గురించి విని వెళితే మొదటి రోజే తికమకపడతాడు.

ఇంత చెప్పాక, అంతా తేలిపోయిందని రాస్తే నేను కూడా పాఠకులను మోసగించినట్టే. గుర్తు బయటికి పోవడం వల్ల పట్టీలు ఎందుకు పోతాయో డీకొహెరెన్స్ చక్కగా చెబుతుంది. కానీ సాధ్యమైన ఫలితాల్లో ఈసారి ఇదే ఎందుకు వచ్చింది, అసలు ఒక్క ఫలితమే ఎందుకు కనిపిస్తుంది అన్నదానికి అందరూ ఒప్పుకునే సమాధానం ఇంకా లేదు. 1952లో బోమ్ ఒక దారి చూపారు, 1957లో ఎవరెట్ ఇంకొకటి, 1986లో ముగ్గురు ఇటలీ వాసులు మరొకటి. నీటిమట్టం ఉదాహరణ కూడా ఇక్కడ నన్ను వదిలేస్తుంది, ఎందుకంటే గోదావరికి నమోదుకు ముందే ఒక మట్టం ఉంది. క్వాంటం కణానికి మాత్రం, దూరంగా ఉన్న కొలతల ప్రభావం దాని మీద పడదని అనుకుంటే, ప్రతి కొలతకూ జవాబు ముందే రాసిపెట్టి ఉందనడం కుదరదని 1964లో జాన్ బెల్ గణితంతో చూపారు. దాన్ని ప్రయోగాలతో పరీక్షించినందుకే 2022లో ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ వచ్చింది. దూరంగా ఉన్న రెండు కణాల కొలతల మధ్య ఆ ప్రయోగాల్లో కనిపించే ముడితో కాంతి కంటే వేగంగా ఒక్క అక్షరాన్ని కూడా పంపలేమని అదే సిద్ధాంతం చెబుతుంది కాబట్టి, అది టెలిపతీకి ఆధారం కాదు. ఈ ప్రశ్నల ముందు నిలబడినప్పుడు కలిగే ఆశ్చర్యం నాకు నలభై ఏళ్లుగా తగ్గలేదు. పిల్లలకు ఆ ఆశ్చర్యమే నేరుగా అందాలని నా కోరిక.

అందుకు మీ పత్రిక చేయగలిగిన సాయం ఒకటుంది. ఆంగ్లంలో ‘అబ్జర్వర్’ అన్నచోటల్లా మనం ‘పరిశీలకుడు’, ‘చూసేవాడు’ అని రాస్తున్నాం. ఆ మాటలో కళ్లూ మనసూ ఉన్న మనిషి వచ్చి కూర్చుంటాడు. దాని బదులు సందర్భాన్ని బట్టి ‘కొలత’, ‘నమోదు’, ‘గుర్తు పడటం’ అని రాస్తే సగం అపోహ పుట్టకుండానే పోతుంది. ‘ఎలక్ట్రాన్‌ను చూస్తే పట్టీలు పోతాయి’ అనకుండా ‘ఎలక్ట్రాన్ దారి ఎక్కడైనా నమోదైతే పట్టీలు పోతాయి’ అని రాయండి. పిల్లి బొమ్మ కింది వాక్యానికి సవరణ వేయమని కూడా కోరుతున్నాను. ప్రతి ఆదివారం ఉదయం నేను మా గ్రంథాలయంలోనే ఉంటాను. ఒక లేజర్ పాయింటర్ వెలుగుకు అడ్డంగా తలవెంట్రుక పట్టుకుంటే ఎదుటి గోడ మీద వెలుగు చీకటి పట్టీలు వరసగా పడతాయి. వచ్చిన పిల్లలకు అక్కడి నుంచి మొదలుపెట్టి చూపిస్తున్నాను. మీ విలేకరిని పంపితే వారికీ చూపిస్తాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం దగ్గర, కోనసీమ